లాభం అని లెక్కపెట్టే చోట

(నెల్లూరులో రైతులు, మిల్లర్లు, విద్యార్థులు కలిసిన ఒక సాయంకాలపు సభలో, ఆర్థికశాస్త్రం బోధించి రిటైరైన ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల పిల్లలు నిలబడి ఉన్నారు. నాయనా, ఇక్కడ ముందు చాప ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి. మీకోసమే ఎక్కువ చెప్పాలి ఈ రోజు.

మొదట ఒక ప్రశ్న. కళ్లంలో ధాన్యం కొలవడం కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. సరే, సగం మంది దాకా ఉన్నారు. మరి చెప్పండి, కుంచంతో మొదటి కొలత పోసేటప్పుడు ఏమని లెక్కపెడతారు? ఒకటి అంటారా? అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆరు తర్వాత ఏడు కూడా అనరు. ఏడుపు మాట కళ్లంలోకి రాకూడదని "ఆరున్నొకటి" అంటారు. అవునా కాదా? అవును.

నేను ముప్పై ఏళ్లు ఆర్థికశాస్త్రం పాఠం చెప్పాను. లాభం అంటే ఏమిటో బోర్డు మీద రాశాను, గీతలు గీశాను. కానీ లాభం అనే మాటను నేను మొదట విన్నది కాలేజీలో కాదు, కళ్లంలో. మా తాతయ్య నోట విన్నాను. ధాన్యం రాశి పోసి, దాని మీద పసుపు కుంకుమ చల్లి, చెప్పులు దూరంగా విడిచి, తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టి, అప్పుడు కుంచం చేతికి తీసుకునేవారు. మొదటి కుంచం నిండుగా తీసి, "లాభం" అని, కొంచెం ఆగేవారు. ఆ ఆగడం నాకు ఇంకా జ్ఞాపకం. గుళ్లో హారతి కళ్లకద్దుకునేటప్పుడు ఆగుతామే, అలా.

ఎందుకు చెబుతున్నానంటే, ఈ దేశంలో చాలాకాలం లాభం అనే మాటను బూతుమాట చేశారు. లాభం తీసేవాడు దొంగ, వ్యాపారం చేసేవాడు దొంగ, ధాన్యం దాచుకున్న రైతు కూడా దొంగే. మరి ఆ మాటను దేవుడి ఎదుట, దణ్ణం పెట్టి, మొదటి అంకెగా పలికిన మన పెద్దవాళ్లు ఏమయ్యారు? వాళ్లకు దైవభక్తి లేదా? ఉంది. వాళ్లకు దయ లేదా? అదే రాశిలోంచి ముందు దేవుడి పాలు తీశారు, చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచారు, అడగవచ్చినవాడి గుడ్డలో దోసెడు పోశారు, పిచ్చుకల కోసం వరికంకులు కుచ్చులు కట్టి గుడి మండపంలో వేలాడదీశారు. ఆ తర్వాతే గాదెలోకి. లాభానికీ ధర్మానికీ పడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

1968వ సంవత్సరం. నాకు తొమ్మిదేళ్లు. మాది నాయుడుపేట పక్కన పల్లెటూరు. మా మేనత్తను మద్రాసులో ఇచ్చారు. ఆ ఏడు మొలగొలుకులు బాగా పండాయి. ఇక్కడున్న పెద్దవాళ్లకు మొలగొలుకుల సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలకు చెబుతాను. నెల్లూరు పేరు చెబితే మద్రాసు నోరూరేది ఆ బియ్యానికే. ఉగాదికి కొత్త బియ్యంతో పొంగలి పెట్టి దేవుడికి నైవేద్యం ఇవ్వాలని అత్తయ్య కబురు చేసింది. నాయనమ్మ పాతిక కేజీలు దంపించి, చెరిగి, రాళ్లేరి, గోతంలో పోసి మూతి కుట్టింది. తాతయ్య, నేను బస్సెక్కాం.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి మీకు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ, ఈ నాలుగింటినీ కలిపి దక్షిణ బియ్యం జోన్ అని పెట్టారు. జోన్ లోపల బియ్యం తిరగొచ్చు, బయటికి పోకూడదు. 1960ల నడుమకు వచ్చేసరికి అదీ పోయింది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే జోన్. అంటే, నాయుడుపేటలో పండిన బియ్యం రెండు మూడు గంటల దూరంలో ఉన్న మద్రాసుకు ప్రైవేటు మనిషి తీసుకుపోతే నేరం. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకటే దేశం అని బళ్లో మాతో చెప్పించేవారు. రాష్ట్రం సరిహద్దులో ఉన్న తడ దగ్గర ఆ దేశం ఆగిపోయేది. బియ్యానికి మాత్రం ఆగిపోయేది.

అటు మద్రాసులో బియ్యానికి కటకట. 1967 ఎన్నికల్లో అక్కడ అన్నాదురై గారు రూపాయికి ఒక పడి, అంటే ఒక కొలత, బియ్యం ఇస్తామని చెప్పి ప్రభుత్వమే మార్చేశారంటే ఆకలి ఎలా ఉందో ఆలోచించండి. ఇటు మా జిల్లాలో రైతు చేతికి వచ్చే ధర చూస్తే కన్నీళ్లు. నడుమ ఒక వెదురు బొంగు అడ్డం. అటువైపు తినేవాడు ఏడుస్తున్నాడు, ఇటువైపు పండించేవాడు ఏడుస్తున్నాడు. అప్పుడు ఆ అడ్డకర్ర ఎవరి కోసం? ఈ ప్రశ్న వేసినందుకు నన్ను ఉద్యోగంలో ఉండగా చాలామంది షావుకార్ల మనిషి అన్నారు. షావుకార్ల గురించి తర్వాత చెబుతాను, వాళ్లనూ వదిలిపెట్టను.

తడ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. ఒకాయన ఎక్కాడు. చేతిలో ఇనుప గొట్టం. బస్తాలో గుచ్చి లాగితే లోపలి గింజలు గొట్టంలోకి వస్తాయి చూడండి, అది. మా గోతం పైన నాలుగు గుమ్మడికాయలు పెట్టింది నాయనమ్మ. ఆయన మా దగ్గరికొచ్చి, "ఏం పెద్దాయనా, గోతంలో ఏముండాయి?" అన్నాడు.

తాతయ్య నా వైపు చూడలేదు. "గుమ్మడికాయలు నాయనా. బిడ్డ ఇంటికి" అన్నారు.

ఆయన గుమ్మడికాయను వేలితో తట్టి, ముందుకు పోయాడు. మాకు రెండు వరసల వెనక ఒక ఆడమనిషి దగ్గర ఐదారు కేజీల మూట దొరికింది. ఆమెను దింపేశారు. బస్సు కదిలింది. ఆమె రోడ్డు పక్కన ఆ మూట పట్టుకుని నిలబడి ఉండడం కిటికీలోంచి చూశాను.

మద్రాసు చేరేదాకా తాతయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఏకాదశి వస్తే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. తల్పగిరి రంగనాథస్వామిని చూడకుండా ఏడాది గడవనివ్వని మనిషి. వడ్డీ లెక్కలో అణా తేడా వస్తే రాత్రి నిద్రపట్టని మనిషి. మర్నాడు అత్తయ్య పొంగలి వండింది, నైవేద్యం అయింది, అందరికీ ఆకుల్లో పెట్టింది. తాతయ్య తినలేదు. కడుపు బాగాలేదమ్మా అన్నారు. అది రెండో అబద్ధం.

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. దీని చుట్టూ తిరుగుతాను, వేరే ఏమీ లేదు. కంట్రోళ్లతో ఎంత ధాన్యం వృథా అయింది, ఎంత నష్టం వచ్చింది అని లెక్కలు కట్టేవాళ్లు ఉన్నారు, మంచిదే. నాకు మాత్రం ఆ నష్టం కంటే ఈ నష్టం పెద్దది. చట్టానికి లోబడితే కూతురికి అన్నం పెట్టలేడు, కూతురికి అన్నం పెడితే చట్టం ముందు దొంగ. నిజం చెప్పేవాడు నిజం చెప్పి బతకలేని ఏర్పాటు చేసి, ఆ తర్వాత దేశంలో నీతి తగ్గిపోయిందని ఉపన్యాసాలిస్తే ఎలా? ఎవరు తగ్గించారు? ఒక్క తాతయ్యా? కోట్లమంది తాతయ్యలు. ఒక్కొక్కరి చేత చిన్న చిన్న అబద్ధం ఆడించారు. మిల్లుకు రెండు పద్దు పుస్తకాలు. రైతుకు రెండు గాదెలు. ఆఫీసులో ఉండే మనిషికి రెండు జేబులు.

ఈ మాట నాకంటే ముందు గట్టిగా చెప్పినాయన ఒకరున్నారు. రాజాజీ. చక్రవర్తి రాజగోపాలాచారి గారు. మన తెలుగువాళ్లం ఆయన పేరు వింటే కొంచెం ముఖం చిట్లిస్తాం, ఆ కారణం నాకు తెలుసు. మన జిల్లా పేరులోనే ఉంది ఆ కారణం. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచినప్పుడు మద్రాసులో ముఖ్యమంత్రి రాజాజీయే. ఆ విషయంలో ఆయన చేసింది తప్పే. మా ఇంట్లో కూడా ఆయనను ఎవరూ క్షమించలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ లేచి అడగనక్కర్లేదు.

కానీ అదే 1952లో, అదే రాజాజీ, ఇంకో పని చేశారు. ఏప్రిల్లో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి యుద్ధకాలం నుంచి బియ్యం మీద కంట్రోలు నడుస్తోంది. రేషను, పర్మిట్లు, ఊరు దాటితే చెక్‌పోస్టులు. ఆయన వచ్చిన కొద్ది వారాలకే ఆ కంట్రోళ్లు ఎత్తేశారు. అప్పటికి మనమూ మద్రాసు రాష్ట్రమే కదా, నెల్లూరుకూ అది వర్తించింది. చుట్టూ ఉన్న అధికారులు భయపడ్డారు. బియ్యం మాయమైపోతుంది, ధర ఆకాశానికి పోతుంది, జనం రోడ్ల మీదికి వస్తారు అన్నారు. ఏమైంది? దాచిపెట్టిన బియ్యం బజారుకు వచ్చింది. ఎందుకు రాదు? దాచడం వల్ల లాభం ఉన్నంతకాలమే దాస్తారు. భయం పోతే గాదె తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఢిల్లీలో ఆహార మంత్రిగా ఉన్న రఫీ అహ్మద్ కిద్వాయ్ గారు కూడా అటువైపే మొగ్గారు.

మరి ఆకలితో ఉన్నవాళ్లను గాలికి వదిలేశారా? లేదు. అదే ఏడాది రాయలసీమలో కరువు. గంజి కేంద్రాలు నడిచాయి. బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దింపారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి పిల్లలూ. ఆకలిగొన్నవాడికి గంజి పోయడం వేరు, పండించినవాడి చేతులు కట్టేయడం వేరు. మొదటిది చేయాలంటే రెండోది చేయాల్సిన పనిలేదు. మన దేశంలో ఈ రెండింటినీ కలిపి ఒకే మూట కట్టేశారు. రెండోదాన్ని కాదంటే మొదటిదాన్ని కూడా కాదన్నట్టు మాట్లాడతారు. కాదు.

రాజాజీకి ఆ ధైర్యం ఎక్కడిది? ఆయన ఆర్థికశాస్త్రం చదివి అలా చేశారని నేననుకోను. ఆయన రామాయణ భారతాలు తిరిగి రాసిన మనిషి, గీత మీద రాసిన మనిషి. మనిషికి అంతరాత్మ ఉంటుందని నమ్మిన మనిషి. మనిషి మీద పోలీసును పెడితే అంతరాత్మకు పని ఉండదు. అది మూలన పడి నిద్రపోతుంది. మనిషిని నమ్మితే, అందరూ కాకపోయినా ఎక్కువమంది, ఆ నమ్మకానికి తగ్గట్టు నడుస్తారు.

నమ్మకం. తెలుగులో ఈ మాట ఎంత చక్కనిదో చూడండి. దేవుడి మీద ఉండేదీ నమ్మకమే. కొట్టువాడు మనకు అరువిచ్చేదీ నమ్మకం మీదే. ఒక్క మాటే రెండు చోట్లా పనిచేస్తోంది. ధర్మం కూడా అంతే. న్యాయం ధర్మం, దానం ధర్మం, మన విధి ధర్మం. హైవే మీద లారీ తూచే కాటా ఉంటుంది చూశారా, దానికి కొన్నిచోట్ల బోర్డు మీద ఏమని రాస్తారు? ధర్మకాంటా. తూకానికీ ధర్మానికీ ఉన్న చుట్టరికం మన జనానికి చెప్పకుండానే తెలుసు.

1959 దగ్గరికి వస్తాను. జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ. అక్కడ ఒక తీర్మానం చేశారు, రైతులందరూ భూములు కలిపి ఉమ్మడి సహకార సేద్యం చేయాలని. మన ఎన్.జి. రంగా గారు అప్పటికి కాంగ్రెస్‌లో పెద్ద నాయకుడు. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి వచ్చి, పంచె కట్టుకుని రైతుల కోసం ఊరూరా తిరిగినాయన. మీలో వ్యవసాయ కాలేజీ పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఆ, ఉన్నారు. మీ విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు ఆయనదే. పేరు రోజూ రాస్తారు, ఆయన ఏం చెప్పారో చదివారా? చదవండి.

రంగా గారు ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. భూమి రైతుకు ఆస్తి మాత్రమే కాదు, కుటుంబం అని ఆయన వాదన. తండ్రి నాటిన చెట్టుకు కొడుకు నీళ్లు పోస్తాడు. ఆ చెట్టును కమిటీకి అప్పగిస్తే ఎవరు పోస్తారు? రాజాజీకి అప్పటికి 80 ఏళ్లు. ఇద్దరూ, మినూ మసానీ గారూ, ఇంకొందరూ కలిసి ఆ ఏడే స్వతంత్ర పార్టీ పెట్టారు. నక్షత్రం గుర్తు. మొదటి అధ్యక్షుడు మన రంగా గారే. లైసెన్సు, పర్మిట్, కోటా రాజ్యం అనే మాట రాజాజీ వాడుకలోకి తెచ్చిందే. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44. ప్రతిపక్షాల్లో అన్నిటికంటే పెద్ద పార్టీ అయింది. తర్వాత కరిగిపోయింది. 1972లో రాజాజీ పోయారు, రంగా గారు తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్లారు, 1974లో మిగిలిన పార్టీ ఇంకో పార్టీలో కలిసిపోయింది.

ఎందుకు కరిగిపోయింది? రాజాల పార్టీ, జమీందార్ల పార్టీ అన్నారు. అందులో అబద్ధం లేదు, చాలాచోట్ల ముందు వరసలో వాళ్లే కనిపించారు. పేదవాడి దగ్గరికి పోయి, అయ్యా, ఈ కంట్రోళ్లు నిన్ను కాపాడటం లేదు, నిన్నే ముందు ముంచుతున్నాయి అని వాడి భాషలో చెప్పగలిగినవాళ్లు తక్కువ. బస్సులోంచి దింపేసిన ఆడమనిషికి చెప్పగలిగి ఉండాల్సింది. ఆ మూట కోసం దింపింది షావుకారును కాదు. షావుకారు లారీలు ఆ రాత్రి మామూలు ఇచ్చి అదే దారిన పోయాయని మా ఊళ్లో అందరికీ తెలుసు.

పొట్టి శ్రీరాములు గారి పేరు ఎత్తాను కనుక ఇంకో మాట. ఆయన మన నెల్లూరులోనే, మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి హరిజనులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. గుడి తలుపులు తెరిపించారు. ఆయన లాఠీ పట్టుకుని తెరిపించలేదు, పొట్ట మాడ్చుకుని తెరిపించారు. స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లం మనం దీన్ని మర్చిపోకూడదు. గుళ్లోకి రానివ్వని ఊళ్లో బజారు మాత్రం అందరికీ తెరిచి ఉంటుందా? ఉండలేదు. బావి దగ్గరా అంతే, హోటల్లో గ్లాసు దగ్గరా అంతే. మార్కెట్ స్వేచ్ఛ అని మనం అన్నప్పుడు, ఆ స్వేచ్ఛ ఎవరెవరికి అందింది అని అడిగేవాడికి జవాబు చెప్పాలి. తలుపులు మూసింది ప్రభుత్వమైనా తప్పే, కులమైనా తప్పే. నా మనసులో ఈ రెండు తలుపులూ ఒకటే.

1991 గురించి చాలామంది చాలా చెప్పారు, నేను క్లుప్తంగా చెబుతాను. వంగర నుంచి వెళ్లిన పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రి, పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. జులై 24న, బడ్జెట్ పెట్టిన రోజే, కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు ఎత్తేశారు. స్కూటర్ కోసం ఏళ్ల తరబడి వరసలో ఉన్న తరం మాది, ఆ విలువ మాకు తెలుసు. కానీ ఫ్యాక్టరీ తలుపు తెరిచినంతగా పొలం గట్టు తెరవలేదు. సరుకు ధర మీద, నిల్వ మీద, రవాణా మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టడానికి వీలిచ్చే నిత్యావసర సరుకుల చట్టం 1955 నాటిది, అది ఇంకా ఉంది. మన రాష్ట్రంలో మిల్లర్లు ఆడించిన బియ్యంలో పెద్ద భాగం లెవీ కింద ప్రభుత్వం చెప్పిన ధరకు ఇవ్వాలన్న నిబంధన 2015 దాకా నడిచింది. మిల్లరు తన జేబులోంచి ఇచ్చాడా? మిల్లర్లు ఉన్నారిక్కడ, మీరే చెప్పండి. ధాన్యం కొనేటప్పుడు రైతు దగ్గరే తగ్గించుకున్నారు. ఎన్టీఆర్ గారి రెండు రూపాయల కిలో బియ్యం ఎంతోమంది కడుపు నింపింది, ఆ పథకాన్ని నేను ఒక్క మాట అనను. ఆ ఖర్చులో కొంత రైతు చేత చప్పుడు లేకుండా కట్టించారే, దాన్ని అంటాను. దానం చేయాలంటే మన గాదెలోంచి చేయాలి. పక్కవాడి గాదెలోంచి తీసి మన పేరు మీద పంచితే దాన్ని ఏమంటారు?

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారని ఒకావిడ ఉండేవారు. లంకల గన్నవరం. 1909లో పోయారు. వరదలో చిక్కుకున్నవాడికీ, దారిన పోయేవాడికీ, అర్ధరాత్రి తలుపు తట్టినవాడికీ వండి పెట్టారు. కులం అడగలేదు. ఆవిడ వండింది తమ పొలంలో పండింది, తమ ఇంటి పొయ్యి మీద. ఇప్పుడు మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు, సంతోషం. పిల్లలు కడుపునిండా తినాలి. కానీ ఆవిడ చేసిన దాంట్లో ఒక సంగతి ఉంది. ఆవిడను ఎవరూ బలవంతం చేయలేదు. బలవంతం చేసి ఉంటే అది పన్ను అయ్యేది, ధర్మం అయ్యేది కాదు. నమాజు చేసేవాళ్లను అడగండి, చర్చికి వెళ్లేవాళ్లను అడగండి, ఇదే చెబుతారు. చేయి తెరిచి ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది.

ఇంకా ఇప్పటి సంగతి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి రాత్రికి రాత్రి నిషేధించారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆ వారం ఏం చేశారో మీకందరికీ తెలుసు. సోనామసూరి కోసం ఇండియన్ స్టోర్ల ముందు వరసలు కట్టారు, మనిషికి ఒక్క బస్తానే అన్నారు. మా అమ్మాయి ఫోన్ చేసి, నాన్నా, ఐదు కొట్లు తిరిగాం, ఒక్కటే దొరికింది అంది. ఇక్కడ మనకు నవ్వొచ్చి ఉంటుంది, నాకు మాత్రం తడ చెక్‌పోస్టు గుర్తొచ్చింది. కాకినాడ రేవు దగ్గర మళ్లీ అదే అడ్డకర్ర. పట్నంలో ధర పెరగకూడదు, మంచిదే. కానీ ప్రపంచమంతా బియ్యం కావాలని అడిగిన ఏడాదిలో రైతు మొహాన తలుపు మూసేశారు. ధర పడిపోయిన ఏడాదిలో ఆ రైతు కోసం ఎవరైనా ఇంత రాత్రికి రాత్రి జీవో తెస్తారా? 2024 సెప్టెంబరు దాకా ఆ నిషేధం నడిచింది.

2020 సాగు చట్టాల గురించి అడుగుతారు మీరు, రైతు తన పంటను మార్కెట్ యార్డు బయట కూడా అమ్ముకోవచ్చన్న చట్టాలు. వాటిలో ఉన్న ఆలోచనలో చాలా భాగం నేను జీవితమంతా కోరుకున్నదే. అయినా అవి పోయాయి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. స్వేచ్ఛ ఇచ్చే చట్టాన్ని కూడా రైతును కూర్చోబెట్టి మాట్లాడకుండా, అడగకుండా ఇస్తే, వాడు దాన్ని ఎందుకు నమ్ముతాడు? డెబ్బై ఏళ్లు మోసపోయినవాడు. మళ్లీ నమ్మకం దగ్గరికే వచ్చాం చూడండి.

షావుకార్లను వదలనని చెప్పాను. ధాన్యం కొనుగోళ్ల దగ్గర తరుగు సంగతి ఇక్కడ ఎవరికి తెలియదు? తేమ 17 శాతం లోపే ఉన్నా, తాలు ఉందని, మట్టి ఉందని, బస్తాకు కేజీ, రెండు కేజీలు కోసేస్తారు. నా సొంత ధాన్యానికే జరిగింది. బయట వేబ్రిడ్జిలో తూచి పంపిన లోడు, కొన్నవాళ్ల కాటా మీద తగ్గింది. అడిగితే, ఇష్టమైతే దించు, లేకపోతే తీసుకుపో అన్నారు. వానమబ్బు పట్టి ఉంది, ఎక్కడికి తీసుకుపోను? దించాను. దీన్ని మార్కెట్ స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు. ఇది కూడా దొంగతనమే. కళ్లంలో లాభం అని దణ్ణం పెట్టి కొలిచిన కుంచానికీ ఈ కాటాకూ ఏ సంబంధమూ లేదు.

అందుకే ప్రభుత్వం వద్దు అనే మనిషిని కాను నేను. ప్రభుత్వం నిలబడాల్సిన చోటు వేరే ఉందంటున్నాను. తూనికలు కొలతల శాఖకు ఒక్కో జిల్లాలో ఎంతమంది సిబ్బంది ఉన్నారో కనుక్కోండి. నిషేధాలకూ జీవోలకూ తిరిగే జీపుల్లో సగం కాటాల తనిఖీకి తిరిగితే చాలు. ధర ఎంతని రైతు, కొనేవాడు మాట్లాడుకుంటారు. పుట్టి అంటే 850 కేజీలే, 870 కాదు అని ప్రభుత్వం నిలబడి చూడాలి. ఆ ఒక్క పని చేస్తే నెల్లూరు రైతు మళ్లీ నిద్రపోతాడు.

రేషను బియ్యం సంగతీ అంతే. 2023 జనవరి నుంచి ఉచితం. మా వీధిలో ఒకామె ఆ బియ్యం తినదు, సైకిల్ మీద వచ్చేవాడికి అమ్ముతుంది. ఆ డబ్బుతో పిల్లాడికి ట్యూషన్ ఫీజు. ఆ బియ్యం మిల్లుకు పోతుంది, పాలిష్ పడుతుంది, ఎక్కడికో పోతుంది. చట్టం ప్రకారం ఆమె తప్పు చేస్తోంది, సైకిల్ వాడు తప్పు చేస్తున్నాడు. సైకిల్ వాడు వచ్చేది తెల్లవారకముందే. ఆమె తలుపు ఓరగా తీసి అటూ ఇటూ చూసి బస్తా ఇస్తుంది. ఎందుకు చూడాలి ఆమె అటూ ఇటూ? ఆ బియ్యానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు ఆమె బ్యాంకు ఖాతాలో వేసి, బియ్యం కావాలన్నవాళ్లకు బియ్యం, డబ్బు కావాలన్నవాళ్లకు డబ్బు అంటే ఏం పోతుంది? తాగేస్తారంటారు. ఆమె తాగడం లేదు, ట్యూషన్ కడుతోంది. పేదవాడు కదా, నమ్మలేం, అని మనసులో ఉన్న మాట అది. ఆ మాట పైకి అనండి, అప్పుడు వాదించుకుందాం.

టైము అయిందని చూపిస్తున్నారు. ఒక్కటి చెప్పి కూర్చుంటాను.

1977లో ఢిల్లీలో ప్రభుత్వం మారింది. ఆ ఏడాదే బియ్యం మీద ఈ రాష్ట్రాల జోన్లు ఎత్తేశారు. 1978 ఉగాదికి మళ్లీ అత్తయ్య కబురు చేసింది. నాకు పంతొమ్మిదేళ్లు, తాతయ్యకు డెబ్బై దాటాయి. నాయనమ్మ అప్పటికి లేదు. మా అమ్మ గోతం కుట్టింది. నాయనమ్మ చేసినట్టే పైన గుమ్మడికాయలు పెట్టబోతే, వద్దన్నారు తాతయ్య.

తడలో వేరే సరుకుల కోసం చెక్‌పోస్టు ఇంకా ఉంది. బస్సు ఆగింది. ఒక కుర్రవాడు ఎక్కాడు, ఊరికే అటూ ఇటూ చూసి దిగిపోతున్నాడు. మమ్మల్ని ఏమీ అడగలేదు. తాతయ్య సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"అబ్బాయ్" అని పిలిచారు. వాడు వెనక్కి తిరిగాడు.

"బియ్యం నాయనా ఇవి. మొలగొలుకులు. పాతిక కేజీలు. మా బిడ్డకు తీసకపోతుండా" అన్నారు.

బస్సులో అందరూ చూస్తున్నారు. ఆ కుర్రవాడికి ఏం అర్థమైందో తెలియదు. "సరే పెద్దాయనా, కూర్చో" అన్నాడు.

తాతయ్య కూర్చున్నారు. మర్నాడు పొంగలి రెండుసార్లు పెట్టించుకున్నారు.